జాబ్రియా బల్లులు

5 ఆగస్టు 1990, ఆదివారం

ఈ నోటుపుస్తకం ముందువైపు బల్లులది, వెనకవైపు నాది. ముందువైపు నూఫ్ స్కేలుతో గీతలు కొట్టి గడులు చేసింది: తేదీ, వేళ, చోటు, పొడవు. వెనకవైపు నేనేం రాసుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఈ ఇంట్లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పదో తరగతి పాసయినందుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం కనబడింది.

గురువారం తెల్లవారుతుండగా ఇరాక్ వాళ్ళు వచ్చారు. మొదట ఉరుములనుకున్నాను. ఆగస్టు నెలలో కువైట్‌లో ఉరుములేమిటని కూడా తట్టలేదు. మామా, బాబా, అంటే ఈ ఇంటి యజమానురాలూ యజమానీ, జూన్‌లోనే లండన్ పోయారు, బాబా గుండె ఆపరేషన్‌కు. ఇంట్లో మిగిలింది ముగ్గురం: వాళ్ళ కూతురు నూఫ్, మంచం దిగలేని వాళ్ళ అవ్వ, పనిమనిషిని నేను. లండన్‌కు ఫోను పోవడం లేదు. ఎదురుగా ఉన్న బడిలో సైనికులు దిగారు. బడి గోడ మీద వాళ్ళ బనియన్లు ఆరేశారు.

నూఫ్ మూడు రోజులుగా ఏడుస్తోంది. నేను ఏడవలేదు. ఇద్దరం కూర్చుని ఏడిస్తే అవ్వకు గంజి ఎవరు కాస్తారు?

8 ఆగస్టు, బుధవారం

ఈ పిల్ల ఏడుపు మానింది, ప్రాజెక్టు పట్టుకుంది. కాలేజీ మూసేశారు, అయ్యవారు ఏ దేశం పారిపోయాడో తెలియదు, ఈమె మాత్రం సెప్టెంబరు ఆఖరుకు ఇవ్వాలంటోంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

ఆమె పుస్తకం అట్ట మీద పసుపు చుక్కల బల్లి లాంటిది ఒకటి ఉంది, తడి ఆకుల మీద కూర్చుని. అది బల్లి కాదట, సాలమాండరట, కప్పల జాతిదట. అలాంటివాటిని అడవుల్లో వెతికి ఫోటోలు తీయడం చదువుకునేవాళ్ళ పని అని అందులో ఉంది. ఈ ఎడారిలో అవెక్కడివి? అందుకని అయ్యవారు బల్లులను, తొండలను వెతకమన్నాడు. ముప్పై ఫోటోలు, ఒకసారి తీసినదాన్ని మళ్ళీ లెక్కపెట్టకూడదు.

అసలు సంగతేమిటంటే నూఫ్‌కు బల్లి అంటే చచ్చేంత భయం. ఇరవై ఏళ్ళ పిల్ల, బల్లుల చదువు చదువుతూ, బల్లి కనిపిస్తే సోఫా ఎక్కుతుంది. మామా అయితే చెప్పు తీసి ఒక్క దెబ్బకు చంపేది. ఒక్క దెబ్బకు చంపితే ఎక్కువ పుణ్యమని వాళ్ళ నమ్మకం. మా ఊళ్ళో చంపితే పాపం. ఆ పాపం ఈ ఇంటికి తగలకూడదని రెండేళ్ళుగా మామా కంటే ముందే లేచి, బల్లులన్నిటినీ చీపురుతో కిటికీ బయటికి తోలేదాన్ని. ఏ బల్లి ఎక్కడ దాక్కుంటుందో నా అంత తెలిసినవాళ్ళు ఈ జాబ్రియా పేటలోనే లేరు.

ఈ రోజు ఏసీ పెట్టె వెనక ఉన్నదాన్ని చూపించాను. నూఫ్ దగ్గరికి రాకుండానే కెమెరా నా చేతిలో పెట్టింది. “గంగా, నువ్వే నొక్కు” అంది. నొక్కాను.

10 ఆగస్టు, శుక్రవారం

శుక్రవారం కదా, మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలో ఇత్తడి కాఫీ కూజాలు ఆరూ తోమాను. యుద్ధమొచ్చిందని ఇత్తడి నల్లబడకుండా ఊరుకుంటుందా?

ఓబులేసు బావ వచ్చాడు. వెనక వీధిలో డ్రైవరు పని ఆయనది. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంటిల్లిపాదినీ పెద్ద కారులో వేసుకుని సౌదీ పోతూ పికప్పు బండిని బావకు వదిలిపోయాడు. బావ గేటు బయట నిలబడి ఖుబూస్ రొట్టెల కట్ట అందించాడు.

“ఏం మే, బతికుండావా?”

“బతికుండకపోతే నీకు గేటు ఎవురు తీస్తారు బావా?”

“నోటికేం తక్కువ లేదు. మీ యక్కకు నీ నోరు చూపిస్తే సాలు, నువ్వు బాగుండావని నమ్ముతాది.”

సుబ్బరత్నక్కకు మా సంగతి తెలిసే దారి లేదు. రాయచోటిలో రేడియో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. మొగుడూ చెల్లెలూ ఒకే ఊళ్ళో ఉన్నారని ధైర్యంగా ఉండేది పాపం. ఇప్పుడు అదే దిగులయి ఉంటుంది.

13 ఆగస్టు, సోమవారం

ఆరు ఫోటోలయ్యాయి.

రీలు ఎలా ఎక్కించాలో నూఫ్ నేర్పింది. ముందు ఊపిరి బిగబట్టాలి, తర్వాత నొక్కాలి. దూరం సరిచేసే చక్రం ఎడమచేతి వేళ్ళతో తిప్పాలి. బల్లి కంట్లో గీత కనిపించేదాకా తిప్పి ఆపాలి. నాకు ఒక్కసారికే వచ్చేసింది. రోట్లో రుబ్బుడు కంటే తేలిక.

16 ఆగస్టు, గురువారం

బావ మంచి వార్త తెచ్చాడు. ఇండియా వాళ్ళను బస్సుల్లో బస్రా మీదుగా జోర్డాన్ చేరుస్తున్నారట, అక్కడి నుంచి విమానం. ఊరి నడుమ మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండే కుక్కుటేశ్వరరావు గారు మనవాళ్ళ పేర్ల జాబితా రాస్తున్నాడు. బావ మా ఇద్దరి పేర్లూ రాయించాడు.

“పాస్‌పోర్టు తీసి పెట్టుకో మే. అది లేకుంటే జోర్డాన్ గేటు కాడ ఆపేస్తారంట.”

“అది బాబా లాకర్‌లో ఉంది.”

“అడిగి తీసుకో. నువ్వు లేకుండా నేను పోయేది లేదు. నిన్నొదిలేసి ఒక్కడే పోతే మీ యక్క నన్ను గడప తొక్కనిస్తాదా?”

నూఫ్‌ను అడిగాను. అవ్వ గదిలో, తలుపు దగ్గర నిలబడి ఉంది. “లాకర్ తాళంచెవి బాబాతో లండన్‌లో ఉంది, గంగా” అంది. అనడమూ, ట్యూబులైటు వెనక బల్లి టిక్ టిక్ మని పలకడమూ ఒక్కసారే జరిగాయి. నా వేలు దానంతటదే వెళ్ళి బల్ల మీద కొట్టింది. అదేమిటని నూఫ్ అడిగింది. ఎవరైనా మాట అన్నప్పుడు బల్లి పలికితే ఆ మాట సత్యమని మేము నమ్ముతాం, వేలితో కొట్టి ఒప్పుకుంటాం అని చెప్పాను. నూఫ్ మొహం ఒక్క క్షణం ఎలాగో అయింది. తర్వాత నవ్వింది. అది ఆడబల్లిని పిలుస్తోందట.

సాయంత్రం బావకు చెప్పాను, తాళం లండన్‌లో ఉందని, బల్లి కూడా పలికిందని.

“బల్లి పలికినాదా?” అన్నాడు. పలికిందన్నాను. ఇంక ఒక్క మాట అడగలేదు. పంచాంగంలో బల్లి పట్టిక చూడకుండా బావ కొత్త చొక్కా కూడా తొడగడు.

17 ఆగస్టు, శుక్రవారం

కూజాలు తోమలేదు. నడుం నొప్పిగా ఉంది.

22 ఆగస్టు, బుధవారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, ఇసుక, ముళ్ళ తుప్పలు. మూడు వైపులా గోడలు కాబట్టి బడి నుంచి కనిపించదు. పొద్దున్నే అవ్వకు సూది మందు ఇచ్చి, నూఫ్‌నూ కెమెరానూ తీసుకుని అక్కడికి పోయాను. ఇసుక ఇంకా చల్లగా ఉంది. తుప్ప కింద ఒక తొండ. మా వైపు తొండలా నల్లగా లేదు, ఇసుక రంగులోనే ఉంది, వేళ్ళకు దువ్వెన పళ్ళలాంటి అంచులు. కదిలితే గాని కనిపించదు. కదిలిందా, ఇసుకలో మునిగిపోతుంది. నూఫ్ పుస్తకంలో ఉన్నదీ ఇదే, కానీ ఇంటి దగ్గర దొరకదనుకుందట.

చిన్నప్పుడు చెనక్కాయ చేలో తొండల వెంటపడి అమ్మతో తన్నులు తిన్నదాన్ని. పొట్ట మీద పాకాను. నీడ దాని మీద పడకుండా ఎండకు ఎదురుగా పోవాలని ఎవరూ చెప్పలేదు, నాకే తెలుసు. జానెడు దూరం దాకా పోయాను. అది తల ఎత్తి నన్ను చూసింది. గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. నొక్కాను. మళ్ళీ నొక్కాను. మూడోసారి అది ఇసుకలోకి పోయింది, పోతున్నది కూడా పట్టాను.

నూఫ్ గోడ దగ్గర నోరు మూసుకుని గెంతింది. నా మోచేతుల నిండా ముళ్ళు. ఆమే కూర్చుని సూదితో ఒక్కొక్కటీ తీసింది. “ఇక నువ్వే ఫోటోగ్రాఫర్, నేను నీ గుమాస్తాని” అంది. పుస్తకం మొదటి పేజీలో తన పేరు కింద నా పేరు ఇంగ్లీషులో రాసింది. గంగాదేవి. నా పేరు ఇంగ్లీషులో ఇఖామా మీద, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు మీద, ఒక్కచోటే చూశాను ఇంతవరకు. అక్కడ పేరు పక్కన పనిమనిషి అని ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు, పేరు మాత్రమే ఉంది.

అన్నం ఎక్కువ తిన్నాను.

24 ఆగస్టు, శుక్రవారం

కూజాలు తోమలేదు.

28 ఆగస్టు, మంగళవారం

మొదటి బస్సు పోయింది. నా పాస్‌పోర్టు లేనందుకు బావ కూడా ఎక్కలేదు. గేటు దగ్గర ఆ మాట చెప్పి, “అదృష్టం లేదు, అంతే” అన్నాడు. గడ్డం పెరిగింది. పాస్‌పోర్టు లేక ఇక్కడ చిక్కుకున్నదాన్ని నేను. ఆయనను పొమ్మన్నాను కూడా. “నువ్వు పో బావా, నేను ఎట్లో వస్తా” అన్నాను. ఆయన పోలేదు. అది నా తప్పు కాదు.

30 ఆగస్టు, గురువారం

సైనికులు ఇల్లు సోదా చేశారు. కెమెరా దొరికితే గూఢచారి అంటారు, ఆ తర్వాత అడగడాలు ఉండవు. పక్క వీధిలో అలా ఒకాయనను ఆయన గేటు ముందే కాల్చారు. కెమెరా, రీళ్ళు అవ్వ పరుపు కింద తోశాను. అవ్వ దాని మీద పడుకుని, వాళ్ళు గదిలోకి రాగానే మొదలుపెట్టింది తిట్లు. మీ అమ్మ మిమ్మల్ని ఇలాగే పెంచిందా, ముసలిదాని దుప్పటి లాగుతారా అని. వాళ్ళలో ఒకడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. తల దించుకుని బయటికి పోయాడు. టీవీ, రెండు ఏసీలు, ఫ్రిజ్ తీసుకుపోయారు.

పోతూ ఒకడు నన్ను చూసి, “హిందీలంతా పోతున్నారు, నువ్వెందుకు పోలేదు?” అన్నాడు.

“పాస్‌పోర్టు లేదు” అన్నాను.

వాడు భుజాలు ఎగరేసి ఫ్రిజ్ పట్టుకోవడానికి పోయాడు. ఏసీలు పీకిన కన్నాల్లోంచి రెండు బల్లులు బయటపడ్డాయి. వాళ్ళు గేటు దాటగానే రెంటినీ తీశాను. పద్దెనిమిది, పందొమ్మిది.

31 ఆగస్టు, శుక్రవారం

వేడి. తోమలేదు.

4 సెప్టెంబరు, మంగళవారం

బావ కొత్త దారి కనిపెట్టాడు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఒక కాగితం రాసిస్తున్నారట, దాంతో గేటు దాటవచ్చట. రెండు ఫోటోలు మాత్రం కావాలట.

“స్టూడియోలన్నీ మూత కదా బావా.”

“మీ ఇంట్లో కెమెరా ఉండాదంటివే?”

“కెమెరా ఉంటే ఏం లాభం? రీలు కడిగేటోడు యాడుండాడు?”

బావ తల గోక్కున్నాడు. నిజమే కదా మరి, కడిగేవాడు లేడు. ఇన్ని ఫోటోలు తీశానే, ఒక్కటీ ఎలా వచ్చిందో నేను చూడలేదు. చూడకపోయినా తెలుసు. తొండది మాత్రం అద్భుతంగా వచ్చి ఉంటుంది.

బావ చిక్కిపోయాడు. ఒంటరిగా ఆ ఇంట్లో ఉంటూ ఉప్పు వేసిన అన్నం తింటున్నాడు. పచ్చడి సీసా ఇచ్చి పంపాను.

7 సెప్టెంబరు, శుక్రవారం

నూఫ్ ఈ రోజు మొదటిసారి బల్లిని ముట్టుకుంది. నేను రెండు వేళ్ళ మధ్య మెల్లగా పట్టుకుంటే, చూపుడువేలితో దాని వీపు తాకింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చుని పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాం. అవ్వ లోపలి నుంచి ఏమైంది ఏమైంది అని అరుస్తోంది.

ఊరంతా కాలిపోతుంటే ఇంత నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో.

కూజాలు వచ్చే వారం.

11 సెప్టెంబరు, మంగళవారం

బావ మధ్యాహ్నం వచ్చాడు, మంచి హుషారుగా.

“మే, ఎల్లుండి బస్సుండాది. ఈసారి నీ సంగతి నేను సూస్తా. మిర్కాబ్‌లో ఒక మలబారాయన ఉండాడు, ఇనుము కోసే మిషను ఉండాదంట ఆయప్ప కాడ. పిల్చకొస్తా. లాకరు కోసి పాస్‌పోర్టు తీసుకుందాం.”

“లాకరు కోస్తే బాబా ఊరుకుంటాడా?”

“బాబా యాడో లండన్‌లో ఉండె. ఆ పాపకు నేను సెప్తా. బీగంచెవి లేదు గదా, ఇంగేం సేస్తాం? సైనికులు కోసినారని రాసుకోమను. ఇంటి గోడలే పోతాంటే లాకరు ఒక లెక్కా?”

మిర్కాబ్ దాకా ఇప్పుడు ఎవరూ పోవడం లేదు, దారిలో నాలుగు చోట్ల ఆపుతున్నారు. పికప్పు బండి అయితే మరీ. బావ బండి ఎక్కి, మళ్ళీ దిగి వచ్చి, “ఊరికి పోయినాక మీ యక్కతో సెప్పు మే, నిన్ను ఎట్ల తెచ్చినానో. నేను సెప్తే నమ్మదు” అన్నాడు.

“జాగ్రత్త బావా” అన్నాను.

అదొక్కటే అన్నాను.

12 సెప్టెంబరు, బుధవారం

బావ రాలేదు.

13 సెప్టెంబరు, గురువారం

మూడో ఇంట్లో వంట చేసే హమీదా బీ వచ్చింది. ఆమెదీ రాయచోటే. నాలుగో రింగు రోడ్డు మీద, మిర్కాబ్ పోయే దారిలో, బావ బండిని ఆపారట. దోచిన సామాను మోయడానికి బండ్లూ డ్రైవర్లూ కావాలని పది పదిహేను మందిని పట్టుకుని, సామాను ఎక్కించి బస్రా వైపు తోలించుకుపోయారట. హమీదా బీ వాళ్ళ ఇంటి డ్రైవరు ఆ వరసలోనే ఉండి, తన బండి టైరు పోవడంతో బయటపడ్డాడట. బావను కళ్ళారా చూశాడట.

“ఊరికే సామాను దింపి ఒదిలేస్తార్లేమ్మా” అంది హమీదా బీ. “ఆ దినం ఆయప్పకు మిర్కాబ్‌లో ఏం పనుండె?”

తెలియదన్నాను.

14 సెప్టెంబరు, శుక్రవారం

కూజాలు తోమాను. ఆరూ తోమాను, చింతపండూ బూడిదా పెట్టి, చేతులు మండేదాకా.

మూడో కూజాలో లాకర్ తాళంచెవి ఉంది. రెండేళ్ళుగా అక్కడే ఉంది. ప్రతి శుక్రవారం తోమేటప్పుడు తీసి కిటికీ గట్టు మీద పెడతాను, అయ్యాక మళ్ళీ లోపల వేస్తాను. నూఫ్‌కు అది అక్కడుందని తెలుసు. అక్కడుందని నాకూ తెలుసన్న సంగతి ఆమెకు తట్టలేదు. కూజాలు వాటంతటవే మెరుస్తాయనుకుంది కాబోలు.

ఆ రోజు తాళం లండన్‌లో ఉందని ఆమె అన్నప్పుడే అబద్ధమని నాకు తెలుసు. భయపడుతోందని తెలుసు. నేను పోతే మంచం మీది అవ్వతో, ఎదురుగా బడి నిండా సైనికులతో, ఆ పిల్ల ఒక్కతే. కాబట్టి జాలిపడి ఊరుకున్నాను. జాలిపడే ఊరుకున్నాను.

బల్లి పలికితే నేనేం చేయను?

15 సెప్టెంబరు, శనివారం

బావ రాలేదు.

17 సెప్టెంబరు, సోమవారం

సౌదీ గేటు తెరిచారట, కువైట్ వాళ్ళు పోవచ్చట. తెల్లవారగానే నూఫ్ మేనమామ పెద్ద జీపుతో వచ్చాడు. అవ్వను పరుపుతో సహా వెనక పడుకోబెట్టాడు. ఒక్క గంటలో అంతా ఖలాస్. నాకు వాళ్ళ కాగితాల్లో చోటు లేదు, సౌదీ వాళ్ళు రానివ్వరు. ఆయన ఆ మాట మర్యాదగానే చెప్పాడు. బియ్యం, పప్పు ఎక్కడున్నాయో నాకే చూపించబోయి, తమాయించుకుని ఆగిపోయాడు.

కెమెరా ఆయన కంట పడింది. దారిలో ఇది దొరికితే అందరినీ చంపుతారని నూఫ్ మీద కేకలేశాడు. రీళ్ళు ఒక్కొక్కటీ తెరిచి, నల్లటి రిబ్బన్లలా బయటికి లాగి ఎండలో పారేశాడు. రీళ్ళకు వెలుతురు తగిలితే అంతేనని నూఫ్ నాకు మొదటి రోజే చెప్పింది. ఆయన చేసింది సరైన పనే. ఇరవై ఎనిమిది. ఆ తొండ కూడా అందులోనే ఉంది. నేను అక్కడే నిలబడి చూశాను.

జీపు ఎక్కబోతూ నూఫ్ వెనక్కి పరుగెత్తుకుంటూ వచ్చింది. పిడికిలి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. మొదటి నుంచీ తన దగ్గరే ఉందని, ఒంటరిగా ఉండలేక అబద్ధం చెప్పానని, మీ బావను నేనే పోగొట్టానని, క్షమించమని.

“నాకు తెలుసు” అన్నాను. “కూజాలు తోమేది నేనే కదా.”

ఆమె ఏడుపు ఆగింది. నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

“తెలిస్తే మరి ఎందుకు పోలేదు?” అంది.

మేనమామ హారన్ కొట్టాడు. ఆమె పోయింది. వీధి చివర మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి నా వైపే చూస్తోంది, జవాబు కోసం.

19 సెప్టెంబరు, బుధవారం

లాకర్ తెరిచాను. ఒక్క తిప్పుకే తెరుచుకుంది. పాస్‌పోర్టు పైనే ఉంది.

బావ రాలేదు. రోజూ వెనక వీధికి పోయి చూస్తున్నాను. గేటుకు తాళం వేసినట్టే ఉంది. పచ్చడి సీసా కడిగి మెట్టు మీద బోర్లించి పెట్టాడు, నాకు తిరిగి ఇవ్వడానికి.

ఇల్లంతా తిరిగాను. అందరి మంచాల మీదా కూర్చుని చూశాను. ఇంత పెద్ద ఇంట్లో ఇప్పుడు పని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. బల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను ఒక్కదాని వైపూ తలెత్తి చూడలేదు.

22 సెప్టెంబరు, శనివారం

బస్సులు నిలిచే మైదానంలో కూర్చుని రాస్తున్నాను. తెల్లవారు నుంచి వరసలో ఉన్నాం. హమీదా బీ కూడా వచ్చింది. కుక్కుటేశ్వరరావు గారు బల్ల వేసుకుని జాబితా పట్టుకుని కూర్చున్నాడు. గోదావరి మనిషి, కళ్ళద్దాలకు ఒక వైపు దారం కట్టుకున్నాడు.

“గంగాదేవి, ఓబులేసు,” అని చదివాడు. “మీ ఇద్దరి పేర్లూ మూడుసార్లు రాశానండీ. ఆయనేరి?”

చెప్పాను. ఆయన కలం ఆపాడు.

“అయ్యయ్యో. మొదటి బస్సుకే ఎక్కెయ్యాల్సిందమ్మా మీరు. ఎందుకాగిపోయారు?”

“పాస్‌పోర్టు లాకర్‌లో ఉండె సార్. బీగంచెవి ఇయ్యలేదు.”

వెనక ఉన్న ఆడవాళ్ళందరూ అయ్యో అన్నారు. ఏలూరు నర్సు ఎలీసమ్మ నా భుజం పట్టుకుని, “మా మేడమూ ఇంతేనమ్మా, పాస్‌పోర్టు దాచేసింది. ఆళ్ళకి మనం మనుషులమా? నీ తప్పేముందే తల్లీ, ఏడవకు” అంది. నేను ఏడవడం లేదు. ఆమె ఏడుస్తోంది. తన టీ నాకే ఇచ్చింది. తాగాను.

కుక్కుటేశ్వరరావు గారు నా పేరుకు టిక్కు పెట్టి, బావ పేరు పక్కన సున్నా చుట్టాడు. కొట్టివేయలేదు. “బస్రా నించి చాలామంది నడిచి వచ్చేస్తన్నారమ్మా, ఆశ వదులుకోకండి” అన్నాడు. మంచివాడు.

కాగితం ముక్క కూడా వెంట తేవద్దన్నారు. దారిలో ఏ రాత దొరికినా ఆ బస్సు మొత్తాన్ని దింపేస్తారట. బస్సు ఎక్కే చోట ఒక పీపాలో మంట పెట్టారు, ఉత్తరాలు, డైరీలు, అన్నీ అందులో వేయిస్తున్నారు. నా వరస రావడానికి ఇంకా ముప్పై నలభై మంది ఉన్నారు. కాలిపోయేదే కాబట్టి ఇందులోనైనా రాస్తాను.

నూఫ్ అడిగినదానికి జవాబు జాలి కాదు. ఆ పిల్ల మీద జాలి ఉంది, కానీ దానికోసమే అయితే బావకు నిజం చెప్పి, నువ్వు పో అని గట్టిగా తోసి ఉండేదాన్ని. నిజం చెప్తే ఆయన కూజాలో చెయ్యి పెట్టి తాళం తీసేవాడు, నన్ను బస్సెక్కించేవాడు. నాకు పోవాలని లేదు. ఆ నలభై రోజులు నేను సంతోషంగా ఉన్నాను. వీధుల్లో మనుషులను చంపుతుంటే, బావ ఉప్పు వేసిన అన్నం తింటుంటే, అక్క రేడియో ముందు కూర్చుని ఉంటే, నేను పొట్ట మీద పాకి బల్లులను ఫోటో తీస్తూ, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాను. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ ఉన్నాను. ఇంకో రెండు తీస్తే ముప్పై అయ్యేవి.

బల్లి పలికినందుకు బావ నమ్మాడు. పలకకపోయినా నేను చెప్తే నమ్మేవాడు. అది నేను రాయలేదు ఇంతవరకు.

హమీదా బీ పిలుస్తోంది. వరస కదిలింది. బొంబాయిలో దిగి, రైలెక్కి, రాయచోటి బస్సు దిగేసరికి అక్క అక్కడే నిలబడి ఉంటుంది. నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని తలుపు వైపే చూస్తుంది. అందరూ దిగేదాకా చూస్తుంది. అప్పుడు అడుగుతుంది. తడబడకుండా చెప్పాలి. పీపా దాకా పోయేలోపు నాలుగైదు సార్లు అనుకుంటే నోటికి వచ్చేస్తుంది.

వాళ్ళు బీగంచెవి ఇయ్యలేదక్కా.

వాళ్ళు బీగంచెవి ఇయ్యలేదక్కా.